కత్తి పట్టేవాడా.. మంత్రం వేసేవాడా? డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో 50 ఏళ్లుగా తెగని ‘బ్యాలెన్స్’ పంచాయితీ ఇదే!

నెట్‌ఫ్లిక్స్‌లో స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్లకు మొదటి ఎపిసోడ్‌లోని ఆ సీన్ గుర్తుండే ఉంటుంది. నలుగురు పిల్లలు బేస్‌మెంట్‌లో టేబుల్ చుట్టూ కూర్చుంటారు. డెమోగోర్గాన్ అనే రాక్షసుడు మీదకొస్తాడు. ఏం చేయాలో తేల్చుకోలేక కేకలు పెడుతుంటారు. చివరికి విల్ అనే కుర్రాడు ఫైర్‌బాల్ మంత్రం కోసం పాచిక విసురుతాడు. ఆ ఆటే డంజియన్స్ అండ్ డ్రాగన్స్. ఫ్యాన్స్ ముద్దుగా డీ అండ్ డీ అంటారు.

1974లో అమెరికాలో పుట్టిన ఈ గేమ్‌కి 50 ఏళ్లు దాటాయి. రూల్ బుక్స్ ఎన్నోసార్లు మారాయి. కంపెనీలు మారాయి. కానీ ఒక గొడవ మాత్రం అలాగే ఉండిపోయింది. కత్తి పట్టే ఫైటర్‌కీ, మంత్రాలు వేసే విజార్డ్‌కీ మధ్య బ్యాలెన్స్ ఉందా? లేదా? ఉండాలా.. అక్కర్లేదా? అసలు ఈ పంచాయితీ ఎక్కడ మొదలైంది.. ఇన్నేళ్లయినా ఎందుకు తెగడం లేదు.. ఇప్పుడు తెలుసుకుందాం.

ఇంతకీ ఈ ఆట ఎలా ఆడతారు?

ఇందులో బోర్డు తప్పనిసరి కాదు. పెన్సిల్, కాగితం, పాచికలు, కాస్త ఊహ ఉంటే చాలు. టేబుల్ దగ్గర ఒకరు డంజియన్ మాస్టర్‌గా ఉంటారు. షార్ట్‌గా డీఎం. కథ నడిపించేది, రాక్షసుల్ని ఆడించేది, రూల్స్ మీద తీర్పు చెప్పేది ఆ ఒక్కరే. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. ఒకరు ఫైటర్, ఒకరు విజార్డ్, ఒకరు తాళాలు తెరిచే దొంగ, ఒకరు దైవబలంతో గాయాలు మాన్పే క్లెరిక్.

"తలుపు పగలగొడతా" అంటాడు ఆటగాడు. 20 ముఖాల పాచిక వేస్తాడు. పడిన నంబర్‌కి తన పాత్ర బలాన్ని కలుపుతాడు. డీఎం పెట్టిన నంబర్‌ని అందుకుంటే తలుపు విరుగుతుంది. అందుకోకపోతే భుజం నొప్పి మిగులుతుంది. ఇలా సాహసాలు చేస్తూ పోతే అనుభవ పాయింట్లు వస్తాయి. వాటితో పాత్ర లెవెల్ పెరుగుతుంది. ఇప్పటి రూల్స్ ప్రకారం 1 నుంచి 20 లెవెల్స్ ఉంటాయి. ఒక్క కథే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. అంటే మొదటి రోజు ఎంచుకున్న పాత్రతో ఆటగాడు చాలాకాలం కాపురం చేయాలన్నమాట.

గెలుపోటములు లేని ఆటలో బ్యాలెన్స్ దేనికి?

కొత్తగా వినేవాళ్లకు ఇక్కడే డౌట్ వస్తుంది. చెస్‌లో ఇద్దరూ ఒకరిపై ఒకరు ఆడతారు కాబట్టి ఇద్దరికీ సమాన బలం కావాలి. డీ అండ్ డీలో అందరూ ఒకే జట్టు. విజార్డ్ గొప్పగా ఆడితే ఫైటర్‌కీ లాభమే కదా.. మరి గొడవెందుకు?

దీనికి సమాధానం మన మల్టీస్టారర్ సినిమాల్లో దొరుకుతుంది. ఇద్దరు హీరోలు ఒకే వైపు ఉండి ఒకే విలన్‌ని కొడతారు. అయినా థియేటర్ బయట అభిమానుల లెక్క వేరే ఉంటుంది. మా హీరోకి ఎన్ని ఫైట్లు? ఇంట్రడక్షన్ ఎవరిది బాగుంది? క్లైమాక్స్‌లో చివరి దెబ్బ ఎవరు కొట్టారు? ఇక్కడా అంతే. టేబుల్ దగ్గర పంచుకోవాల్సింది గెలుపు కాదు, స్క్రీన్ టైమ్.

ఆదివారం నాలుగు గంటలు కేటాయించి, ప్రయాణం చేసి ఒకరు ఆటకొస్తారు. తన వంతు వచ్చేసరికి పక్కనున్న విజార్డ్ ఒక్క మంత్రంతో శత్రువులందరినీ ఊడ్చేశాడు. మళ్లీ వంతు వచ్చేసరికి ఫైట్ అయిపోయింది. తర్వాత నది దాటాలంటే ఎగిరే మంత్రం, తాళం తీయాలంటే ఇంకో మంత్రం. ఆ ఆటగాడు ఆ సాయంత్రమంతా చేసిందేమీ లేదు. ఇలా నాలుగు వారాలు జరిగితే ఐదో వారం అతను రాడు. బ్యాలెన్స్ మీద ఇంత వేడిగా వాదనలు జరగడానికి అసలు కారణం ఇదే.

1974: బలహీనుడిగా మొదలై.. బాహుబలి అయ్యే మాంత్రికుడు

ఈ ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారు చేశారు. టీఎస్ఆర్ అనే చిన్న కంపెనీ మూడు పుస్తకాలుగా విడుదల చేసింది. మొదటి ప్రింట్ 1,000 కాపీలే. దీని మూలాలు 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే యుద్ధ క్రీడలో ఉన్నాయి. బొమ్మ సైనికులతో ఆడే ఆ ఆటలో మాంత్రికుడంటే దాదాపు ఒక ఫిరంగి లెక్క. ఫైర్‌బాల్ అక్కడి నుంచే వచ్చింది.

1977 నుంచి 1979 మధ్య మూడు పుస్తకాలుగా వచ్చిన అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌లో బ్యాలెన్స్‌కి ఒక ఫార్ములా కనిపిస్తుంది. మాంత్రికుడు మొదట్లో చాలా కష్టపడాలి. మొదటి లెవెల్‌లో రోజుకి ఒకే ఒక్క మంత్రం. కవచం వేసుకోకూడదు. ప్రాణబలం కోసం ఫైటర్ 10 ముఖాల పాచిక వేస్తే, మాంత్రికుడు వేసేది 4 ముఖాల పాచిక. మంత్రం చదువుతుండగా దెబ్బ తగిలితే ఆ మంత్రం వృథా. రెండో లెవెల్‌కి చేరాలంటే దొంగకి సుమారు 1,250 పాయింట్లు, ఫైటర్‌కి 2,000, మాంత్రికుడికి 2,500 కావాలి.

ఇన్ని కష్టాలు దాటి బతికి బట్టకడితే మాంత్రికుడికి అపారమైన శక్తి వస్తుంది. మరి ఫైటర్ సంగతి? అతను 9వ లెవెల్‌కి చేరి కోట కట్టుకుంటే సైన్యం వచ్చి చేరుతుంది. ఒకరి చేతిలో మంత్రబలం, మరొకరి వెనుక జనబలం. కాలక్రమంలో లెక్క సరిపోతుందన్నది అప్పటి ఆలోచన. మాంత్రికుడిగా ఆడేవాళ్లు మొదట్లో భరించాలి, ఫైటర్‌గా ఆడేవాళ్లు చివర్లో భరించాలి. ఎప్పుడూ ఎవరో ఒకరు ఓపిక పట్టాల్సిందే. పైగా చాలా కథలు మధ్యలోనే ఆగిపోతాయి. అలాంటప్పుడు చివర్లో వచ్చే వాటా ఎవరికి దక్కినట్టు?

2000: సౌకర్యం కోసం మార్చారు.. బ్రేకులు పోయాయి

టీఎస్ఆర్‌ని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. 1999లో ఆ కంపెనీని హ్యాస్‌బ్రో కొన్నది. 2000లో మూడో ఎడిషన్ వచ్చింది. పాత రూల్స్‌లోని చిక్కుముడులన్నీ విప్పేశారు. అన్ని క్లాసులకూ ఒకే పాయింట్ల పట్టిక పెట్టారు. దాదాపు ఏ పనికైనా 20 ముఖాల పాచికే. నేర్చుకోవడం తేలికైంది. ఆటగాళ్లు బాగా ఆదరించారు.

అయితే విప్పిన ముడుల్లో కొన్ని బ్రేకులు కూడా ఉన్నాయి. మాంత్రికుడికి ఎక్కువ పాయింట్లు కావాలనే నిబంధన పోయింది. శత్రువు దగ్గరున్నా జాగ్రత్తగా మంత్రం వేసే వెసులుబాటు వచ్చింది. తెలివితేటలు ఎక్కువుంటే అదనంగా మంత్రాలు దక్కాయి. మొదటి లెవెల్ నుంచే విజార్డ్ తన మంత్రాన్ని తాళపత్రంలా రాసి దాచుకోవచ్చు. ఇంకాస్త ఎదిగితే 50 సార్లు వాడుకునే మంత్రదండం చేసుకోవచ్చు. తాళాలు తెరిచే మంత్రాన్ని అలాంటి దండంలో నింపుకుంటే? తాళాలు తీయడమే పనిగా పెట్టుకున్న దొంగ పాత్రకి పనేముంటుంది?

ఫైటర్‌కి దక్కిన కోట, సైన్యం మాత్రం ఆ క్లాస్ నుంచి మాయమయ్యాయి. ఇంకో వింత ఏంటంటే.. అడవి దేవతల్ని కొలిచే డ్రూయిడ్‌కి తోడుగా ఒక జంతువు వస్తుంది. మొదటి లెవెల్స్‌లో ఆ తోడేలే దాదాపు ఫైటర్‌తో సమానంగా పోరాడుతుందని ఆటగాళ్లు లెక్కలు తీశారు. అంటే ఒకరు ఎంచుకున్న హీరో పాత్ర, పక్కవాళ్ల పెంపుడు జంతువుతో సమానం అన్నమాట! 2003లో 3.5 పేరుతో సవరణలు వచ్చినా ఈ తేడా పెద్దగా తగ్గలేదు.

దీనికి ఫ్యాన్స్ ఒక పేరు పెట్టుకున్నారు. ఫైటర్ బలం సరళరేఖలా పెరుగుతుందట, విజార్డ్ బలం వర్గాల లెక్కన పెరుగుతుందట. 1, 2, 3, 4 ఒకవైపు.. 1, 4, 9, 16 ఇంకోవైపు. ఫైటర్‌కి లెవెల్ పెరిగితే కత్తి ఇంకాస్త గట్టిగా తగులుతుంది. విజార్డ్‌కి లెవెల్ పెరిగితే మంత్రాల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో మంత్రం బలం పెరుగుతుంది, చేయగల కొత్త పనులూ పెరుగుతాయి. మూడూ ఒకేసారి.

2008: అందరికీ సమానం అన్నారు.. సగం మంది అలిగారు

ఈ సమస్యను నాలుగో ఎడిషన్ నేరుగా ఢీకొట్టింది. ఫైటర్ అయినా విజార్డ్ అయినా అందరికీ ఒకే తరహా ఏర్పాటు. ఎప్పుడైనా వాడుకునేవి కొన్ని, ఫైట్‌కి ఒకసారి వాడేవి కొన్ని, రోజుకి ఒకసారి వాడేవి కొన్ని. పైగా ఒక్కో క్లాస్‌కి జట్టులో ఒక డ్యూటీ. ఫైటర్ పని మిగతావాళ్లకు అడ్డుగోడలా నిలబడటం. అతను గురిపెట్టిన శత్రువు ఇంకొకరి మీదకు వెళ్తే దెబ్బ తగిలే అవకాశం తగ్గుతుంది.

తాళాలు తీయడం లాంటి మంత్రాలను ‘రిచువల్స్’ అనే విడి విభాగంలోకి నెట్టారు. వాటికి టైమ్ పడుతుంది, డబ్బూ ఖర్చవుతుంది. దాంతో దొంగకి మళ్లీ పని దొరికింది. ఫైటర్‌కీ ప్రతి రౌండ్‌లో ఆలోచించి ఎంచుకునే అవకాశం వచ్చింది.

బ్యాలెన్స్ పరంగా చూస్తే ఇది పెద్ద ముందడుగు. మరి అందరూ సంతోషించారా? లేదు. "అన్ని క్లాసులూ ఒకేలా అనిపిస్తున్నాయి" అన్నారు చాలామంది. "మంత్రంలో మాయ పోయింది, వీడియో గేమ్ బటన్‌లా మారింది" అన్నారు ఇంకొందరు. ఫైట్లు బాగా సాగుతున్నాయన్న ఫిర్యాదూ వచ్చింది. ఇదే అదనుగా పైజో అనే కంపెనీ పాత 3.5 రూల్స్‌ని మెరుగుపరిచి 2009లో పాత్‌ఫైండర్ పేరుతో కొత్త గేమ్ తెచ్చింది. బ్యాలెన్స్ తక్కువని అందరూ తిట్టిన అదే రూల్స్ వెంట ఎంతోమంది వెళ్లిపోయారు.

ఇక్కడ అసలు పాఠం ఒకటుంది. ఆటగాళ్లు సమానత్వం కావాలంటారు. కానీ తేడా కూడా కావాలంటారు. విజార్డ్‌గా ఆడేవాళ్లకు తాము విజార్డ్ అని అనిపించాలి. ఫైటర్‌గా ఆడేవాళ్లకు తమ కత్తికి విలువ ఉందనిపించాలి. ఈ రెండింటిలో ఏది తగ్గినా టేబుల్ దగ్గర అసంతృప్తే.

2014: గొడవంతా ‘రోజుకి ఎన్ని ఫైట్లు’ అన్న దగ్గరే!

2012లో డిజైనర్లు రూల్స్ ముసాయిదాని జనం ముందు పెట్టారు. ఆటగాళ్లు ఆడి చూసి అభిప్రాయాలు చెప్పారు. 2014లో ఐదో ఎడిషన్ వచ్చింది. ఇందులో విజార్డ్ మళ్లీ పాత విజార్డ్ అయ్యాడు. కానీ కొన్ని కళ్లేలు వేశారు. పట్టు నిలిపి ఉంచాల్సిన మంత్రాలు ఒకేసారి రెండు నడపకూడదు. దెబ్బ తగిలితే ఆ పట్టు తప్పిపోవచ్చు. అతిపెద్ద మంత్రాలు రోజుకి ఒక్కసారే.

మరి ఫైటర్‌కి? అతని ప్రత్యేక శక్తులు గంట విశ్రాంతితోనే తిరిగొస్తాయి. విజార్డ్‌కి మాత్రం మంత్రాలన్నీ తిరిగి రావాలంటే రాత్రంతా 8 గంటల విశ్రాంతి కావాలి. అంటే ఫైటర్ రోజంతా ఒకేలా కొడతాడు, విజార్డ్ పొదుపుగా వాడుకోవాలి. సగటు జట్టు రోజుకి 6 నుంచి 8 మధ్యస్థ లేదా కఠినమైన పోరాటాలు తట్టుకోగలదని అప్పటి డీఎం గైడ్ చెప్పింది.

దీన్ని ఒక సింపుల్ లెక్కతో చూద్దాం. ఇద్దరూ 5వ లెవెల్. ఫైటర్ పెద్ద కత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. రెండూ తగిలితే సగటున 22 డ్యామేజ్. 65 శాతం సార్లు తగులుతాయనుకుంటే రౌండ్‌కి దాదాపు 14. విజార్డ్ ఫైర్‌బాల్‌కి 6 ముఖాల పాచికలు 8 వేయాలి. సగటు 28. తప్పించుకున్న శత్రువుకి సగమే తగులుతుంది. నలుగురు శత్రువులు ఉండి, అందులో సగం మంది తప్పించుకున్నారనుకుంటే మొత్తం డ్యామేజ్ 84. అలాంటివి రోజుకి రెండు వేశాడనుకుందాం. మిగతా రౌండ్లలో చిన్న నిప్పురవ్వ మంత్రంతో సగటున 7 చొప్పున.

• రోజుకి 6 ఫైట్లు, ఒక్కోటి 3 రౌండ్లు, మధ్యలో రెండుసార్లు గంట విశ్రాంతి: ఫైటర్ అదనపు దాడులు కూడా కలిపితే దాదాపు 294. విజార్డ్ దాదాపు 280.

• రోజుకి ఒక్కటే ఫైట్, 3 రౌండ్లు: ఫైటర్ 56. విజార్డ్ 175.

విజార్డ్ దగ్గరున్న మిగతా మంత్రాలు ఈ లెక్కలో లేవు. అవి కలిపితే అతని వాటా ఇంకా పెరుగుతుంది. అయినా విషయం స్పష్టం. రోజంతా వరుసగా ఫైట్లుంటే ఇద్దరూ పక్కపక్కనే నడుస్తారు. ఒక్క ఫైట్‌తో రోజు ముగిస్తే విజార్డ్ మూడు రెట్లు ముందుంటాడు. రూల్ ఒకటే, పాత్రలు అవే. మారింది రోజు మాత్రమే.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఒక ఫైట్ ఆడటానికి అరగంట నుంచి గంట పట్టడం మామూలే. నాలుగు గంటల ఆటలో కథ ఉండాలి, మాటలుండాలి, నవ్వులుండాలి. ఇక ఆరు ఫైట్లు ఎక్కడ పెట్టాలి? కథలో రాజదర్బారు సీన్ నడుస్తుంటే, బ్యాలెన్స్ కోసమని తోటలోంచి ఆరుసార్లు తోడేళ్లని దించలేరు కదా! అందుకే చాలా టేబుళ్లలో రోజుకి ఒకటి రెండు పెద్ద ఫైట్లే జరుగుతాయి. మొదటి ఫైట్‌లోనే మంత్రాలన్నీ వాడేసి "ఇక పడుకుందాం" అనే అలవాటూ ఉంది. డిజైనర్లు ఒక రకమైన రోజుని ఊహించారు, ఆటగాళ్లు ఇంకో రకమైన రోజు ఆడారు. గొడవలో సగం ఇక్కడే పుట్టింది.

ఫైర్‌బాల్‌కి స్పెషల్ ట్రీట్‌మెంట్

ఇంకో ఆసక్తికరమైన విషయం. సొంతంగా మంత్రాలు తయారు చేసుకునే డీఎంల కోసం 2014 గైడ్‌లో ఒక పట్టిక ఉంది. మూడో స్థాయి మంత్రం ఒకేసారి పలువురికి తగిలేదైతే 6 పాచికల డ్యామేజ్ ఉండాలని అందులో ఉంది. ఫైర్‌బాల్ సరిగ్గా ఆ స్థాయి మంత్రమే. కానీ దానికి 8 పాచికలు ఇచ్చారు! చైన్‌మెయిల్ కాలం నుంచి ఈ ఆటకి గుర్తుగా నిలిచిన మంత్రం కాబట్టి దాన్ని సాదాసీదాగా ఉంచలేరన్నది దాని అభిమానుల మాట. తాము పెట్టుకున్న లెక్కనే పుస్తకం దాటేస్తే ఇక బ్యాలెన్స్ ఎక్కడ అన్నది విమర్శకుల మాట.

అసలు తేడా ఫైట్ బయటే ఉందా?

డ్యామేజ్ లెక్కలు ఎన్నయినా సరిచేయొచ్చు. దానికన్నా లోతైన సమస్య వేరే ఉందంటారు చాలాకాలంగా ఆడుతున్నవాళ్లు. కొండ మీదకి చేరాలి. ఫైటర్ ఎక్కాలంటే పాచిక వేయాలి, పడిపోవచ్చు కూడా. విజార్డ్ ఎగిరే మంత్రం వేస్తే చాలు, పైకి చేరినట్టే. ఫైటర్‌కి అన్నీ ప్రయత్నాలే, విజార్డ్‌కి చాలావరకు గ్యారంటీలే. 17వ లెవెల్‌కి చేరిన విజార్డ్‌కి ‘విష్’ అనే మంత్రం అందుబాటులోకి వస్తుంది. కోరుకున్నది జరిగే మంత్రం అది. అదే లెవెల్‌లో ఫైటర్ తన వంతుకి మూడు దెబ్బలు కొడతాడు. నాలుగో దెబ్బ కావాలంటే 20వ లెవెల్ దాకా ఆగాలి.

దీనిపై రెండు వర్గాలున్నాయి. "మంత్రం అంటేనే అసాధ్యాన్ని సాధ్యం చేయడం. కత్తి పట్టిన మనిషి మనిషిలాగే ఉండాలి" అంటుంది ఒక వర్గం. "డ్రాగన్లు ఎగిరే లోకంలో ఫైటర్ ఒక్కడే మామూలు మనిషిగా ఎందుకుండాలి? పురాణాల్లో వీరులు కొండలు మోయలేదా?" అంటుంది రెండో వర్గం. పర్వతాన్ని పెకలించి తెచ్చిన హనుమంతుడి కథ వింటూ పెరిగిన మనవాళ్లకు రెండో వాదన వింతగా అనిపించదు.

రెండు వేల మంది రైతులు.. ఒక బల్లెం

బ్యాలెన్స్ చర్చలో ఇంకో కోణం రూల్స్‌ని అక్షరాలా చదవడం. ఫ్యాన్స్ మధ్య బాగా తిరిగే ఒక జోక్ ఉంది. ఆటలో ఒక రౌండ్ అంటే 6 సెకన్లు. ఒక్కో మనిషి 5 అడుగుల చోటు తీసుకుంటాడు. 2,000 మంది రైతుల్ని వరుసగా నిలబెట్టి, ఒక బల్లేన్ని చేతులు మార్చుకుంటూ పోనిస్తే? రూల్ ప్రకారం అందరూ అదే రౌండ్‌లో తమ వంతు పూర్తి చేసేస్తారు. అంటే ఆ బల్లెం 10,000 అడుగులు, సుమారు 3 కిలోమీటర్లు, 6 సెకన్లలో దాటేసింది. సెకనుకి దాదాపు 500 మీటర్లు.. ధ్వని కంటే వేగం! "ఇక దాన్ని వదిలితే కోట గోడ కూలాలి కదా" అని వాదన.

కూలదు. ఎందుకంటే వేగాన్ని బట్టి డ్యామేజ్ పెరుగుతుందని రూల్ బుక్‌లో ఎక్కడా లేదు. బల్లెం ఎప్పటిలా ఒక్క పాచిక డ్యామేజే ఇస్తుంది. వరుస నిలబెట్టేటప్పుడు రూల్‌ని, వదిలేటప్పుడు ఫిజిక్స్‌ని.. ఎవరికి లాభమైంది వాళ్లు తీసుకుంటామంటే కుదరదు. ఈ జోక్ ఎంత పాపులర్ అయిందంటే 2024 డీఎం గైడ్ ఇలాంటి వాటి గురించి ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. రూల్స్ అంటే భౌతికశాస్త్రం కాదని, మంచి మనసుతో చదివితేనే అవి పనిచేస్తాయని అందులో స్పష్టం చేశారు.

డీఎం తీర్పే ఫైనల్ అన్న సంప్రదాయం మొదటి నుంచీ ఉంది. పుస్తకంలో తప్పుంటే డీఎం సరిచేస్తారు కాబట్టి బ్యాలెన్స్ గురించి అంత బెంగ అక్కర్లేదని కొందరంటారు. దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. "అంపైర్ సర్దుతారులే అని చెప్పి పిచ్‌ని ఎలా పడితే అలా తయారు చేస్తారా? డబ్బు పెట్టి కొన్న పుస్తకంలోని లోపాన్ని డీఎం సొంత కష్టంతో ఎందుకు పూడ్చాలి?" అని వాళ్లు అడుగుతారు. అనుభవం ఉన్న డీఎం దాన్ని మేనేజ్ చేయగలరు. మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చేయలేరు. రూల్స్ అవసరం ఎక్కువగా ఉండేది ఆ కొత్తవాళ్లకే.

2024: కత్తికి కొత్త పదును

2024 సెప్టెంబర్‌లో కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, నవంబర్‌లో డీఎం గైడ్ వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో రాక్షసుల పుస్తకం వచ్చింది. ప్రధానమైన మార్పులివి:

• ఫైటర్ లాంటి యోధులకు ‘వెపన్ మాస్టరీ’ వచ్చింది. ఒక ఆయుధంతో కొడితే శత్రువు కింద పడొచ్చు, ఇంకోదాంతో వెనక్కి జరగొచ్చు, మరోదాంతో నెమ్మదించవచ్చు. కొట్టడంతో పాటు ఎంచుకునే పని కూడా దక్కింది.

• ఫైటర్ తన శ్వాస కూడదీసుకునే శక్తిని ఫైట్ బయట, వేరే ప్రయత్నాలు తప్పినప్పుడు కూడా వాడుకోవచ్చు.

• పాలడిన్ అనే ధర్మయోధుడు ఒకే వంతులో పదే పదే వేసే దివ్యమైన దెబ్బకి వంతుకి ఒక్కసారే అన్న పరిమితి పెట్టారు. దీనిపై ఆ క్లాస్ ఫ్యాన్స్ మండిపడ్డారు.

• రోజుకి 6 నుంచి 8 పోరాటాలన్న మాటని కొత్త గైడ్‌లో తీసేశారు.

యోధుల పక్షాన ఇది మంచి అడుగేనని చాలామంది ఒప్పుకున్నారు. అయితే ‘విష్’ మంత్రం మాత్రం అలాగే ఉంది. ఎగిరే మంత్రం కూడా. ఫైట్ లోపల తేడా తగ్గింది, ఫైట్ బయట తేడా చాలావరకు అలాగే మిగిలింది.

వేరే ఆటలు ఏం చేశాయి?

డీ అండ్ డీ ఒక్కటే కాదు, మిగతా గేమ్‌లూ ఈ ప్రశ్నకి తమ తమ జవాబులు వెతికాయి.

• ఆర్స్ మ్యాజికా (1987): మాంత్రికులే గొప్ప అని బాహాటంగా ఒప్పుకున్న ఆట ఇది. కానీ ఒక్కో ఆటగాడికి ఒకటికి మించి పాత్రలుంటాయి. ఈ వారం మాంత్రికుడిగా ఆడినవారు వచ్చే వారం కాపలా సైనికుడిగా ఆడొచ్చు. బలం సమానం కాదు, వంతులు సమానం.

• పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ (2019): లెక్కలు చాలా బిగించారు. ప్రతి వంతులో మూడు పనులు చేయొచ్చు, చాలా మంత్రాలకి అందులో రెండు పోతాయి. ఇక్కడ గొడవ తిరగబడింది. "మాంత్రికులు మరీ చప్పగా ఉన్నారు" అన్న ఫిర్యాదు మొదలైంది!

• బాల్డర్స్ గేట్ 3 (2023): ఐదో ఎడిషన్ రూల్స్ ఆధారంగా లేరియన్ స్టూడియోస్ చేసిన వీడియో గేమ్. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టింది. ఇందులో లెవెల్స్ 12తోనే ఆగిపోతాయి. ‘విష్’ స్థాయి మంత్రాల దాకా వెళ్లనే వెళ్లదు. రాత్రి విశ్రాంతి పూర్తిగా ఫలించాలంటే తిండి సరుకులు ఉండాలి. గంట విశ్రాంతికి బదులు బటన్ నొక్కితే చాలు.

ఈ చివరి ఉదాహరణ చాలా విషయం చెబుతుంది. మనిషి డీఎంగా లేనప్పుడు, ఆటగాడు చేసే ప్రతి పనికీ ముందే జవాబు రాసిపెట్టాలి. అప్పుడు పై లెవెల్స్‌ని వదిలేయడమే తేలికైన దారి. టేబుల్ దగ్గర అలా వదిలేయలేరు. ఏం అడిగినా చేయొచ్చన్నదే అక్కడి మజా. ఆ స్వేచ్ఛ ఉన్నంతకాలం లెక్క ఎక్కడో ఒకచోట తప్పుతూనే ఉంటుంది.

కొత్తగా టీమ్ కడుతున్నారా? ఇవి ముందే మాట్లాడుకోండి

ఇంగ్లిష్ రూల్ బుక్స్‌తో, ఆన్‌లైన్ యాప్స్‌తో ఈ ఆట ఎక్కడినుంచైనా ఆడొచ్చు. మొదలుపెట్టే ముందు ఒక రోజు కూర్చుని మాట్లాడుకోవడాన్ని ‘సెషన్ జీరో’ అంటారు. బ్యాలెన్స్ గొడవలు చాలావరకు అక్కడే తీరిపోతాయి.

• ఎన్ని లెవెల్స్ దాకా ఆడతారో చెప్పుకోండి. 1 నుంచి 10 లోపు ఆడితే ఫైటర్, విజార్డ్ తేడా అంతగా బాధించదు.

• రోజుకి ఒకటి రెండు ఫైట్లే ఉంటాయనుకుంటే ఆ మాట ముందే చెప్పండి. గంట విశ్రాంతి మీద ఆధారపడే క్లాసులు ఎంచుకునేవాళ్లు అది తెలుసుకుని ఎంచుకుంటారు.

• విశ్రాంతికి ఒక ధర ఉండాలి. "మీరు నిద్రపోతే తెల్లారేసరికి బందీని తరలిస్తారు" అని కథలో ఉంటే విజార్డ్ తనంతట తానే పొదుపు చేస్తాడు.

• తాళాలు తీయడం ఒకరి పాత్ర అయితే, ఆ మంత్రం తీసుకోబోయేవారు ముందు వాళ్లని ఒక మాట అడగాలి. రూల్ బుక్‌లో లేకపోయినా ఇది మర్యాద.

• డీఎం ఏదైనా రూల్ మార్చాలనుకుంటే ఆట మధ్యలో కాకుండా ఆట అయ్యాక చెప్పాలి. తన పాత్ర బలం మధ్యలో తగ్గిస్తే ఎవరికైనా మోసపోయినట్టే ఉంటుంది.

• ఒకరు వరుసగా మౌనంగా ఉంటే రూల్ బుక్ తెరవకముందు వాళ్లని పలకరించండి. లెక్కల్లో అంతా సమానంగా ఉన్నా, ఆ మనిషికి చేయడానికి పని లేకపోయుండొచ్చు.

ఫైనల్‌గా..

50 ఏళ్లలో ఈ ఆట ఒక చివర నుంచి ఇంకో చివరకి ఊగింది. పూర్తి స్వేచ్ఛ ఇచ్చినప్పుడు కొందరు వెనకబడ్డారు. పూర్తి సమానత్వం ఇచ్చినప్పుడు అందరూ ఒకేలా ఉన్నారన్నారు. ప్రతి కొత్త ఎడిషన్ పాత ఎడిషన్ మీద వచ్చిన ఫిర్యాదుకి జవాబు, తర్వాతి ఎడిషన్‌కి కొత్త ఫిర్యాదు. రూల్ బుక్ చేయగలిగింది ఒక మేరకే. ఏ క్లాస్‌కి ఎంత డ్యామేజ్ అన్నది పుస్తకం చెబుతుంది. ఈ ఆదివారం టేబుల్ దగ్గరున్న ఐదుగురిలో ఎవరికి ఎంత చోటు దక్కిందన్నది మాత్రం అక్కడ కూర్చున్నవాళ్లే చూసుకోవాలి.